పాత జీపు: కమాను, ఇరుసు, స్టీరింగు



ఈనాటి ప్రసంగం పాత జీపుల గురించి. కొనడం, అమ్మడం గురించి కాదు. పాతిక, ముప్ఫై, నలభై ఏళ్లు తిరిగిన జీపుకు కొత్త కమాన్లు వేయించాలన్నా, ఇరుసు మార్పించాలన్నా, పవర్ స్టీరింగు పెట్టించాలన్నా ఏది ముందు చేయించాలి, ఏది తరువాత చేయించాలి, ఏది అసలు చేయించకూడదు అన్నది ఈనాటి విషయం.

కోరాపుట్, రాయగడ కొండల్లోనూ, బళ్లారి, సండూరు ప్రాంతపు గనుల దారుల్లోనూ, డెంకణికోట అడవి అంచుల్లోనూ, గోదావరి అవతలి గట్టున సిరొంచలోనూ స్థిరపడిన మనవాళ్లకు జీపు కొత్త బండి కాదు. బస్సు వెళ్లని ఊరికి జీపు వెళ్లింది. పంటను సంతకు, పురుడు వచ్చిన మనిషిని ఆసుపత్రికి అదే చేర్చింది. రోడ్లు మెరుగుపడి కొత్త బళ్లు వచ్చినా, ప్రభుత్వ శాఖల వేలంలో కొన్న జీపులు, తాతల నాటి నుంచి ఇంట్లోనే ఉన్న జీపులు ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కేది మన ఇంటివాళ్లే. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతా మాటలు వినవలసిందిగా కోరుతున్నాను.

మొదట ఈ బండి పుట్టుక చూద్దాం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి 1945 వరకు, అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. మన దేశంలో 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1940ల చివరి నుంచి విల్లీస్ విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బీ అనే నమూనా అక్కడ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు తయారైంది. ఎత్తయిన బానెట్టు, పొట్టి శరీరం ఉన్న ఆ జీపును మీలో చాలామంది చూసే ఉంటారు. ముందు చక్రం నడుమ నుంచి వెనుక చక్రం నడుమకు దాని దూరం 80 అంగుళాలే. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ నడుమ సుమారు నాలుగు అడుగులు. టైరు 16 అంగుళాల రిమ్ముకు ఎక్కే సన్నని టైరు. బ్రేకు డ్రమ్ము 9 అంగుళాలది. ఈ కొలతలన్నీ ఒకదానికొకటి సరిపడేలా లెక్క వేసి పెట్టినవి.

నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. జీపు కింది భాగంలో ఏ వస్తువూ ఒంటరిగా ఉండదు. కమాను ఎత్తితే స్టీరింగు కడ్డీ వాలు మారుతుంది. టైరు పెంచితే బ్రేకు చాలదు. ఇరుసు మార్చితే షాఫ్టు కోణం మారుతుంది. ఒకచోట మార్పు చేస్తే మరి మూడుచోట్ల దానికి జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ జవాబులకు డబ్బు, ఓపిక ఉన్నప్పుడే మార్పుకు చేయి పెట్టాలి. లేకపోతే ఉన్నదాన్ని అసలు కొలతకు తెచ్చుకోవడమే మేలు. నిజం చెప్పాలంటే, మార్పు కావాలని షెడ్డుకు వచ్చే పాత జీపుల్లో చాలావాటికి కావలసింది మార్పు కాదు, మరమ్మత్తు.

కాబట్టి ముందు పరీక్ష. దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. జాకీ ఒకటి, ఇద్దరు మనుషులు చాలు. బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగు చక్రాన్ని అటూ ఇటూ కొద్దిగా కదపాలి. రెండవవారు ముందు భాగం కింద చూస్తూ ఉండాలి. చేతిలో చక్రం కదిలినప్పుడు ఏ కీలు దగ్గర కదలిక పోగవుతున్నదో, ఏ కడ్డీ ఆలస్యంగా కదులుతున్నదో కంటికే కనిపిస్తుంది. ఆ తరువాత ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రం లేపి, ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందకు దూరకూడదు. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. లూజు ఉన్నట్టు తోస్తే, రెండవ మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే అది చక్రపు బేరింగుది. బ్రేకు తొక్కినా లూజు అలాగే ఉంటే అది కింగ్ పిన్నుది. రెండింటి ఖర్చూ వేరు, పనీ వేరు. ఈ చిన్న పరీక్ష తెలిస్తే అక్కరలేని సామాను కొనే పని తప్పుతుంది. చివరిగా టైరును ఎడమ కుడి పక్కల పట్టుకుని ఊపండి. అక్కడ కనిపించే లూజులో ఎక్కువ భాగం టై రాడ్ కీళ్లది.

ఇక స్టీరింగుకు వద్దాం. ముందు దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, కమాను విరిగితే బండి కుంటుతుంది, స్టీరింగు ఊడితే బండి లోయలోకి వెళుతుంది. పాత సీజే జీపుల్లో స్టీరింగు పెట్టె కామ్, లీవరు రకానిది. స్టీరింగు కడ్డీ అడుగున మరలా తొలిచిన గాడి ఉంటుంది. ఆ గాడిలో లీవరుకు ఉన్న మేకులు జారుతూ ఉంటాయి. బండి ఎక్కువ కాలం నేరుగానే నడుస్తుంది కనుక గాడి నడుమ భాగమే ఎక్కువగా అరుగుతుంది, చివరలు అరగవు. నడుమ లూజు పోవాలని సర్దుబాటు స్క్రూను అతిగా బిగిస్తే, మలుపులో చక్రం పట్టేస్తుంది. మలుపు తిరిగాక వెనక్కి రాదు. ఘాటు రోడ్డులో ఇంతకంటే ప్రమాదం మరొకటి లేదు. కనుక చక్రాలు నేరుగా ఉన్నప్పుడు సర్ది, తరువాత ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూసి, ఎక్కడా పట్టేయకుండా ఉన్నంతవరకే బిగించాలి. అంతకు మించి లూజు ఉంటే కామ్, లీవరు మార్చవలసిందే.

ఆ పెట్టె నుంచి కదలిక ఒక పొడవాటి కడ్డీ ద్వారా ముందుకు వస్తుంది. దాన్ని డ్రాగ్ లింకు అంటారు. అక్కడి నుంచి ముందు అడ్డదూలం మీద ఉన్న బెల్ క్రాంక్ అనే మోచేతి వంటి భాగానికి, దాని నుంచి రెండు టై రాడ్ల ద్వారా రెండు చక్రాలకు చేరుతుంది. అంటే చేతికీ చక్రానికీ నడుమ ఎన్నో కీళ్లు. ఒక్కొక్క కీలులో కొంచెం కొంచెం లూజు చేరినా చివరికి స్టీరింగు చక్రం బెత్తెడు తిరిగితే గాని టైరు కదలని స్థితి వస్తుంది. బెల్ క్రాంక్ లోపలి బేరింగులకు గ్రీజు అందక, అరిగి, దాని కడ్డీ ఒక పక్కకు ఒరిగిన జీపులు అనేకం. అలాంటి జీపుకు పవర్ స్టీరింగు పెట్టిస్తే జబ్బు పోదు, దాగుతుంది. పైగా నూనె ఒత్తిడితో వచ్చే బలం ఆ అరిగిన కీళ్ల మీదనే పడుతుంది.

అన్ని కీళ్లూ బాగుచేసుకున్న తరువాత పవర్ స్టీరింగు పెట్టించడం మంచి మార్పే. వయసు మళ్లినవారికి, వెడల్పు టైర్లు ఉన్నవారికి అది సాయపడుతుంది. తరువాతి కాలపు బళ్ల స్టీరింగు పెట్టెలు, పంపులు తెచ్చి బిగించే పనివాళ్లు ఉన్నారు. మీరు మూడు సంగతులు అడగండి. మొదటిది, పెట్టె కూర్చునే చోట చాసిస్ లోపలా బయటా మందపాటి రేకు వేసి, గొట్టపు బుష్షులు పెట్టి బలపరిచారా? పాత చాసిస్ పలుచని రేకుతో చేసినది. చక్రం బండకు ఆనుకున్నప్పుడు పవర్ స్టీరింగు తోసే బలానికి అది పగులు తీస్తుంది. రెండవది, డ్రాగ్ లింకు ఏ వాలున ఉంది? దాని సంగతి ఇప్పుడే చెబుతాను. మూడవది, ఎక్కడైనా స్టీరింగు కడ్డీని కోసి అతికారా? లేక చేతిని కాల్చి వంచారా? స్టీరింగులోని ఏ కడ్డీనీ, ఏ చేతినీ వెల్డింగు చేసి అతకకూడదు, కొలిమిలో కాల్చి వంచకూడదు. ఎంత నేర్పరి అయిన మేస్త్రి చెప్పినా ఒప్పుకోకండి. సరిపోయే కొలతలో దొరికిన వస్తువునే వాడాలి.

డ్రాగ్ లింకు వాలు సంగతి ఏమిటంటే, గుంటలో పడి లేచినప్పుడు ఇరుసు పైకీ కిందికీ కదులుతుంది. చాసిస్ మీద ఉన్న స్టీరింగు చేయి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఈ రెంటినీ కలిపే కడ్డీ చదునుగా ఉంటే ఇరుసు కదిలినా చక్రం దాదాపు తిరగదు. కడ్డీ ఏటవాలుగా ఉంటే ఇరుసు లేచిన ప్రతిసారీ చక్రం దానంతట అదే కొంత తిరుగుతుంది. మీరు స్టీరింగు కదపకపోయినా గుంట వచ్చిన ప్రతిచోటా బండి పక్కకు లాగుతుంది. బెల్ క్రాంకు ఉన్న అసలు అమరికలో ఈ వాలు టై రాడ్లకు వస్తుంది. కమాన్లు ఎత్తిన జీపులు ఎగుడుదిగుడు దారిలో ఒక తీరున నడవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు కమాన్ల విషయం. ఎక్కువమంది మొదట చేయి పెట్టేది ఇక్కడే. కట్ట కుంగింది, ఇంకొక పట్టీ వేయించండి అంటారు. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. ఒకే మందం ఉన్న పది పట్టీల కట్టకు పదకొండవది చేర్చితే గట్టిదనం పదో వంతు మాత్రమే పెరుగుతుంది. కాని పట్టీ మందం పెంచితే సంగతి వేరు. గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 8 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, గట్టిదనం మూడో వంతు కాదు, రెండింతలకు పైగా పెరుగుతుంది. లారీ కట్టలోని మందపు పట్టీ తెచ్చి జీపులో దూర్చినప్పుడు జరిగేది అదే. బరువు వేసినప్పుడు బాగానే ఉంటుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు చక్రం నేలను పట్టుకోదు, ఎగురుతూ పోతుంది. నేలను పట్టని చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. అంతేకాదు, కమాను తీసుకోవలసిన దెబ్బ చాసిస్‌కు పోతుంది. కమాను హ్యాంగర్ల దగ్గర చాసిస్ పగుళ్లు తీస్తుంది.

మరి కుంగిన కట్టను ఏం చేయాలి? వంపు కట్టించడం పాత పద్ధతి. చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెప్పిస్తే కొద్ది నెలల్లో మళ్లీ కుంగుతుంది. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి నీళ్లలో ముంచితే అది గాజులా పెళుసెక్కుతుంది. నూనెలో చల్లార్చి, తిరిగి తగిన వేడిలో పదును పెట్టే కమాన్ల షాపులోనే ఆ పని చేయించాలి. ఊళ్లో అలాంటి షాపు లేకపోతే కొత్త కట్టే చౌక. కట్ట విప్పినప్పుడు పట్టీల మధ్య తుప్పు గీకించి, గ్రాఫైటు గ్రీజు పూయించండి. పట్టీ మీద పట్టీ జారడానికే కమాను పుట్టింది. తుప్పుతో అతుక్కుపోయిన కట్ట ఒక ఇనుప దూలంతో సమానం. యూ-బోల్టులు కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన యూ-బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు. ఎదురెదురు నట్లను వంతులవారీగా బిగించి, కొద్ది రోజులు తిరిగిన తరువాత మరొకసారి బిగించాలి. నడిమి బోల్టు విరిగేది చాలావరకు యూ-బోల్టు వదులైనప్పుడే. అది విరిగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగి బండి అడ్డంగా నడుస్తుంది.

పారాబోలిక్ కమాన్లని ఒక రకం ఉన్నాయి. వీటిలో పట్టీలు తక్కువ. ఒక్కొక్క పట్టీ నడుమ మందంగా, చివరలకు పోనుపోను పలుచగా ఉంటుంది. పట్టీలు నడుమన, చివరలలో తప్ప ఒకదానికొకటి తగలవు. రాపిడి తక్కువ కనుక ప్రయాణం మెత్తగా ఉంటుంది. అయితే పాత కట్టలో ఆ రాపిడే ఊపును కొంత ఆపేది. అది పోయింది కనుక ఇలాంటి కమాన్లకు మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి. షాక్ అబ్జార్బరు పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. గతుకుల దారిలో నాలుగైదు కిలోమీటర్లు నడిపి దిగి, నాలుగింటినీ జాగ్రత్తగా తాకి చూడండి. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానేసిందన్నమాట.

ఎత్తు పెంచడం గురించి అడిగేవారు చాలామంది. షాకిల్ పొడవు చేయించడం దానికి చౌకగా దొరికే ఉపాయం. షాకిల్ 2 అంగుళాలు పెరిగితే బండి లేచేది ఒక అంగుళమే. ఎందుకంటే కమాను రెండో చివర ఉన్నచోటే ఉంటుంది. కాని ఆ ఒక్క అంగుళం కోసం ఇరుసు ఒక పక్కకు వాలుతుంది. సీజే జీపులో ముందు కమాను షాకిల్ ముందు వైపున ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే ముందు ఇరుసు ముక్కు వంచుతుంది. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం మీరు గమనించే ఉంటారు. ఆ వాలు వల్లనే సైకిలు నేరుగా పోతుంది, చేతులు వదిలినా కొంతదూరం పడిపోదు. జీపు కింగ్ పిన్నుకు కూడా అలాంటి వాలు ఉంది. దాన్ని కాస్టర్ అంటారు. పాత జీపులో అది సుమారు 3 డిగ్రీలు. షాకిల్ పొడవుతో ఆ ఉన్న కాస్త వాలూ తగ్గిపోతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాదు. ఒక వేగం దాటగానే ముందు చక్రాలు గడగడ వణకడం మొదలుపెడతాయి. అది మొదలైతే బండి దాదాపు ఆపితే గాని తగ్గదు. కింగ్ పిన్ బేరింగులు అరిగినా, టై రాడ్ కీళ్లు వదులైనా, చక్రాల సమతూకం తప్పినా ఇదే వణుకు వస్తుంది. దీనికి స్టీరింగు డ్యాంపరు పెట్టి ఊరుకోవడం జ్వరానికి తడిగుడ్డ వేయడం వంటిది. కాస్టర్ తగ్గితే కమానుకూ ఇరుసుకూ నడుమ ఇనుప చీలిక పెట్టి సరిచేయవచ్చు. అయితే చీలిక ఇనుముదే కావాలి. చెక్క, అల్యూమినియం ముక్కలు నలిగిపోయి యూ-బోల్టులు వదులవుతాయి.

ఎత్తు వల్ల మరో చిక్కు ప్రొపెల్లర్ షాఫ్టుది. పొట్టి జీపులో వెనుక షాఫ్టు చాలా పొట్టిది. లెక్క కోసం 20 అంగుళాల షాఫ్టు అనుకుందాం. దాని ఒక చివర 2 అంగుళాలు పైకి పోతే కోణం దాదాపు 6 డిగ్రీలు పెరుగుతుంది. అదే 60 అంగుళాల షాఫ్టుకు 2 డిగ్రీలే. కనుక పొడవాటి బండి మీద చెల్లిన ఎత్తు పొట్టి జీపు మీద చెల్లదు. కోణం పెరిగిన కొద్దీ షాఫ్టు క్రాసు బేరింగులు త్వరగా పోతాయి. రెండు చివరల కోణాలు సమానంగా లేకపోతే అదురు పుడుతుంది.

ఇకపోతే ఇరుసులు. మన ఎడ్లబండి ఇరుసు తిరగదు. అది బరువు మోస్తుంది, చక్రం దాని మీద తిరుగుతుంది, కడచీల చక్రాన్ని ఆపుతుంది. లారీ వెనుక ఇరుసులోనూ ఇదే సూత్రం ఉంది. బరువు మోసేది బయటి గొట్టం, దాని మీద రెండు బేరింగులతో చక్రం తిరుగుతుంది. లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడానికి మాత్రమే. అందుకే రోడ్డు పక్కన లారీని జాకీ ఎత్తకుండానే షాఫ్టును బయటికి లాగడం మీరు చూసి ఉంటారు. సీజే-3బీ జీపు వెనుక ఇరుసు ఇలాంటిది కాదు. దానిలో లోపలి షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, బరువూ మోస్తుంది. షాఫ్టు చివర కోసుగా ఉంటుంది. హబ్బు దాని మీద ఒక తాళపు ముక్కతో, పెద్ద నట్టుతో బిగిసి ఉంటుంది. ఆ నట్టు వదులైతే తాళపు ముక్క షాఫ్టును కొరుకుతుంది, అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. షాఫ్టు విరిగిననాడు చక్రం, డ్రమ్ము కలిసి బండిని వదిలిపోతాయి. అందుచేత వెనుక హబ్బు విప్పిన ప్రతిసారీ తాళపు గాడి, కోసు భాగం పరిశీలించాలి. నట్టును పొడవాటి పానాతో పూర్తి బిగువుకు తెచ్చి కొత్త కాటర్ పిన్ను వేయాలి.

బరువులు మోసేవారికి, కొండదారుల్లో రోజూ తిరిగేవారికి వెనుక ఇరుసును లారీ పద్ధతికి మార్చడం నిజంగా విలువైన మార్పు. ఎత్తు పెంచడానికి పెట్టే డబ్బు దీనికి పెడితే ప్రాణానికి భద్రత. అయితే ఒక లెక్క తప్పకూడదు. సీజే-3బీ క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు. అంటే 5.38 నిష్పత్తి. ముందు ఇరుసులోనూ వెనుక ఇరుసులోనూ ఇది ఒకటే ఉండాలి. వేరే బండి ఇరుసు 39కి 8, అంటే 4.88 ఉన్నది తెచ్చి వెనుక వేసి, ముందు పాతదే ఉంచితే, ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలూ వెనుక చక్రాలూ పదో వంతు తేడాతో తిరగాలని పోట్లాడతాయి. బురదలో జారి సరిపెట్టుకుంటాయి. గట్టి నేల మీద పళ్లో, షాఫ్టో విరగవలసిందే. నిష్పత్తి సరిగ్గా ఉన్నా ఇలాంటి జీపుల్లో పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు.

టైర్ల సంగతి కూడా ఈ లెక్కలోదే. అసలు టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. 31 అంగుళాల టైరు వేస్తే గేరు దాదాపు పదో వంతు తేలికవుతుంది, అంటే ఎత్తెక్కే సత్తువ అంత తగ్గుతుంది. అదే కాలి ఒత్తిడికి ఆగే బలమూ దాదాపు అంతే తగ్గుతుంది. 9 అంగుళాల డ్రమ్ము బ్రేకులతో దిగుడు దారిలో ఆ పదో వంతే బతుకును నిలబెట్టవచ్చు, తీయవచ్చు. బ్రేకులు పెంచకుండా టైరు పెంచవద్దు.

ఇప్పుడు మీ ఊరి దారిని బట్టి ఆలోచించండి. ఘాటు రోడ్లున్న కోరాపుట్, రాయగడల వారికి మొదటి ఖర్చు స్టీరింగు, బ్రేకు. బళ్లారి, సండూరు వైపు దుమ్ముతో, అలల్లా గట్లు కట్టిన మట్టి దారుల్లో షాక్ అబ్జార్బర్లు, బుష్షులు ముందు పోతాయి, కనుక వాటికి గ్రీజు, మార్పు తరచుగా కావాలి. సిరొంచ వైపు ఇసుక దాటవలసినవారికి ఎత్తు కంటే టైరులో గాలి కొంత తగ్గించడం ఎక్కువ పని చేస్తుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపడం మరువకూడదు. వాగులు దాటేవారికి మరొక సూచన. నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల నుంచి నీటిని పీల్చుకుంటుంది. ఇరుసు మీది గాలి మూతకు రబ్బరు గొట్టం తగిలించి చాసిస్ పైకి కట్టిస్తే ఈ బాధ తప్పుతుంది. ఇరుసు నూనె పాలలా తెల్లగా వస్తే నీరు చేరిందని గుర్తు. ఇక యానాం వంటి డెల్టా ఊళ్లలో కొండలూ లేవు, బండలూ లేవు. అక్కడ శత్రువు ఉప్పుగాలి. చాసిస్‌ను, కమాను హ్యాంగర్లను సుత్తితో తట్టి చూసి, తుప్పు తిన్నచోటు బాగుచేయించడమే అక్కడి వారికి అసలైన మెరుగు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అరిగిన బేరింగు, కుంగిన కమాను అసలు కొలతకు తెచ్చుకోవడం మరమ్మత్తు. చాసిస్ పొడవు, చక్రాల దూరం, శరీరం తీరు మార్చడం మార్పు. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండితో రోజూ మరో రాష్ట్రంలోకి పోతూ వస్తూ ఉంటాం. పదిహేనేళ్లు దాటిన సొంత బండి రిజిస్ట్రేషను ఐదేళ్లకోసారి తిరగరాయించుకోవాలి, అప్పుడు బండిని చూపించవలసి ఉంటుంది. కనుక ఇరుసు, స్టీరింగు వంటి పెద్ద పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి కాగితం తీసుకుని, సామాను బిల్లులు భద్రపరచుకోండి. ప్రమాదం జరిగితే బీమా వారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

చివరిగా క్రమం మరొకసారి. మొదట స్టీరింగు కీళ్లు, కింగ్ పిన్నులు, చక్రపు బేరింగులు. రెండవది బ్రేకులు. మూడవది వెనుక ఇరుసు, హబ్బులు. నాలుగవది కమాన్లు, షాక్ అబ్జార్బర్లు. ఈ నాలుగూ అయ్యాక చేతిలో డబ్బు మిగిలితే పవర్ స్టీరింగు, ఆపైన టైర్లు. ఎత్తు పెంచడం అన్నింటికన్నా చివరన. ఈ క్రమంలో వెళ్లినవారిలో చాలామందికి చివరి మెట్టు దాకా వచ్చాక ఎత్తు అక్కరలేదనిపిస్తుంది. ఎందుకంటే అప్పటికే వారి జీపు వారు మరచిపోయిన తీరులో, కొత్తప్పుడు నడిచినట్టు నడుస్తూ ఉంటుంది.

ఈ వారం ఒక ఆదివారం పొద్దున మీ జీపు కింద జాకీ పెట్టి, దిమ్మ పెట్టి, ఆ టైరును పైనా కిందా పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. మిగతా నిర్ణయాలు అక్కడి నుంచి మొదలవుతాయి.